ట్యాపెట్టుల గదిలోని నట్టు

మా యింట నొక పాత బుల్లెట్టు మోటారుసైకిలు కలదు. మా నాయనగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా నుండిన దినములలో కొనినది. ఇంగ్లండునందు 1949లో వెలువడిన నమూనాను అనుసరించి, 1955 మొదలుకొని మద్రాసులో తయారైన బండ్ల సంతతికి చెందినది. నాయనగారికి పక్షవాతము సోకి కుడిచేయి స్వాధీనము తప్పిన పిమ్మట నాలుగేండ్లు అది వరండాలో దుమ్ము పట్టియుండెను. గడచిన వేసవి సెలవులలో దాని యింజను విప్పి బాగుచేయుదునని నేను పూనుకొంటిని. తొమ్మిదవ తరగతికి బలభ్రామకము బోధించువానికి నట్టులు బిగించుట యొక విద్యయా యని నా ధీమా.

పిస్టను రింగులును గాస్కెట్టులును రాణిగంజి దుకాణములలో దొరకినవి. చిక్కు పానాలతో వచ్చెను. ఆనాటి బుల్లెట్టునందలి నట్టులు పెక్కు బ్రిటిషు అంగుళపు కొలతలవి. 1841లో జోసెఫ్ విట్‌వర్తు మరలకు 55 డిగ్రీల కోణము నేర్పరచెను; మీటరు కొలత మర 60 డిగ్రీలది. ఆ పానాలపై చెక్కిన అంకె బోల్టు లావును తెలుపునే గాని నట్టు వెడల్పును తెలుపదు. ఈ సంగతి యెరుగక నేను మిల్లీమీటరు పానాతో రెండు నట్టుల మూలలు అరగదీసితిని. నాయనగారు కుర్చీలో కూర్చుండి చూచుచు నేమియు ననలేదు.

సిలిండరును క్రింది కేసునకు బిగించు నట్టులలో ఒకటి ట్యాపెట్టుల గదిలో దాగియుండును. ప్రక్కనున్న చిన్న మూత తీసి, కడ్డీల సందున పానా దూర్పవలెను. అచ్చట పానా తిరుగుటకు చోటు లేదు. ఆరు మూలల నట్టును తిన్ననైన నోటి పానాతో పట్టినచో, మరల పట్టు దొరకుటకు 60 డిగ్రీలు త్రిప్పవలెను. నోరు 15 డిగ్రీలు వంచిన పానాయైనచో, బోర్లించి వెల్లకిలద్రిప్పి 30 డిగ్రీలకే పట్టు మార్చుకొనవచ్చును. నాకు ఆ 30 డిగ్రీలకును చోటు చాలలేదు. అరగంట తంటాలుపడి, వ్రేళ్లు గీరుకొని, విసిగి మూత మూసివేసితిని.

"లోపలి నట్టు బిగించితివా, అబ్బాయీ?" అని నాయనగారు అడిగిరి.

"బిగించితిని, నాయనా" యంటిని.

ఇంజను మేల్కొనినది. ఆ చప్పుడు విని అమ్మ వంటయింటి నుండి పరుగున వచ్చెను. ఆదివారము గుడికి బండి మీదనే పోతిని. ఆరాధన ముగిసి వెలుపలికి వచ్చునప్పటికి బండి క్రింద అరచేయంత నూనె మడుగు! నాయనగారితో చెప్పుటకు నోరు రాలేదు. ఆ రాత్రి వారు నిద్రించిన పిదప మూత తీసి, మరకు నూనె పోసి, పానా తోకకు ఇనుప గొట్టము తొడిగి లాగితిని.

ఇచ్చటనే నా చదువు నన్ను వెక్కిరించినది. పది సెంటీమీటర్ల పానాపై 150 న్యూటన్ల బలము చూపిన 15 న్యూటన్ మీటర్ల బలభ్రామకము కలుగును. గొట్టముతో అది నలువది సెంటీమీటర్లైన, అదే బలమునకు 60! అంతియే కాదు. బిగించునప్పటి శ్రమలో ఇంచుమించు పదింట తొమ్మిది పాళ్లు ఘర్షణకే పోవును. స్టడ్డును సాగదీసి పట్టునిచ్చునది మిగిలిన పాలే. నూనె ఘర్షణను తగ్గించును గనుక స్టడ్డు మరింత సాగును. ఇవి యన్నియు నేను నల్లబల్లపై వ్రాసినవే. నట్టు మొదట బిగిసి, పిమ్మట మెత్తగా తిరుగసాగెను. స్టడ్డు చేతిలోకి ఊడివచ్చెను. దాని వెంట కేసు లోపలి అల్యూమినియపు మర తీగ చుట్టవలె వచ్చెను.

తెల్లవారినంతనే నాయనగారి మంచము చెంత నిలిచి, రాత్రి చేసిన పనిని, అంతకుముందు చెప్పిన అబద్ధమును రెంటిని ఒప్పుకొంటిని. వారు చాలసేపు పైకప్పు వంక చూచిరి. పిదప, "మంచము క్రింద రేకుపెట్టె కలదు, తెమ్ము" అనిరి.

ఆ పెట్టె యడుగున గుడ్డలో చుట్టిన పొట్టి పానా యొకటి యుండెను. మెడ కాచి వంచబడినది. అంచులు సానపట్టి పలుచన చేయబడినవి. ఆ నట్టు కొరకే వర్క్‌షాపులో తయారుచేసికొనినదట. తోక కోసివేసినది వారే. పొడవు లేనందున మణికట్టు బలమునకు మించి అది బిగింపజాలదు. నన్నొక్క మాటయైనను అడిగియుంటివా యని వారు అనలేదు, అనినను బాగుండెడిది.

కేసంతయు మరల విప్పవలసి వచ్చినది. రాణిగంజిలోని యొక ఉస్తాదు దానిని లేతు దుకాణమునకు పంపి, రంధ్రము పెద్దది చేయించి, ఉక్కు బుష్షు దిగవేయించెను. "సారూ, మీవంటివారు పదిమంది యున్న మా కుటుంబము సుఖముగా బ్రతుకును" అని నవ్వెను. ఖర్చు రింగుల వెలకు మూడింతలైనది.

ఈసారి నాయనగారు ముక్కాలిపీట వేయించుకొని బండి ప్రక్కనే కూర్చుండిరి. నేను పొట్టి పానా త్రిప్పుచుండగా ఎడమచేయి నా మణికట్టుపై నుంచిరి. ఒక్కొక్క పట్టునకు వారి వ్రేళ్లు కొంచెము బిగుసుకొనుచుండెను. "చాలు" అనిరి. నాకు ఇంకను కొంత బిగించుటకు బలముండెను. ఆపితిని.

ఆ సాయంత్రము బోయినపల్లి వరకు పోయి వచ్చి, రాత్రి ఇంజను క్రింద వార్తాపత్రిక పరచితిని. ఉదయమున నాయనగారు దానిని తెప్పించుకొని, ఎడమచేతి వ్రేళ్లతో నలుమూలల తడిమి చూచి, నాకిచ్చి, అందలి వార్తలు చదువుమనిరి.