ఒక్క డాలరు స్థలం

పోయిన వేసవి సెలవుల్లో తిరుత్తణి నుంచి షోళింగరు మీదుగా బస్సులో రాణిపేటకు, మా పెద్దమ్మ ఇంటికి పోయాను. ఆ రోజే పెదనాన్న ఒక ప్లాటు చూసి వచ్చారు. సెంటు ధర మిగతా చోట్లకంటే సగమేనట. పెద్దమ్మ మాత్రం ఒకే మాట పట్టుకుంది: "అంత చవగ్గా ఎందుకిస్తారు? ముందు ఆ నేలలో ఏముండేదో కనుక్కోండి."

ఆమె భయానికి కారణం ఉంది. రాణిపేట సిప్కాట్‌లో క్రోమియం రసాయనాలు చేసే కర్మాగారం ఒకటి 1990లలో మూతపడింది. లక్ష టన్నులకు మించిన వ్యర్థం మాత్రం అక్కడే గుట్టగా ఉండిపోయింది. వాన పడితే క్రోమియం కరిగి నేలలోకి దిగుతుంది. ఆ నీళ్ళు పసుపు కలిపినట్టు ఉంటాయి. పెద్దమ్మ ఇల్లు అక్కడికి దూరమే. అయినా తాగడానికి క్యాను నీళ్ళే కొంటారు.

బడి తెరిచాక సైన్సు సారును అడిగితే అమెరికా కథ చెప్పారు. నయాగరా ఫాల్స్ పట్టణంలో లవ్ కెనాల్ అనే పాత కాలువలో ఒక కంపెనీ రసాయన వ్యర్థాలు పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు ఇచ్చేసింది. ఎవరికనుకున్నారు? బడులు నడిపే బోర్డుకి! అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్ళు లేచాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను ఖాళీ చేయించారు. 1980లో సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. పాడుచేసినవాళ్ళే శుభ్రం చేసే ఖర్చు పెట్టుకోవాలి. వాళ్ళు దొరకకపోతే రసాయన, పెట్రోలియం కంపెనీల పన్నుతో కూర్చిన నిధి ఉంది.

బ్రిటన్‌లో ఆ నేలను దేనికి వాడతారో చూసి, దానికి తగినంత శుభ్రం చేయిస్తారు. కార్లు నిలిపే చోటుకీ, పిల్లలు మన్ను పిసికే చోటుకీ ఒకే లెక్క కాదు. ఇది నాకు నచ్చింది. కానీ పాడుచేసినవాడు కనబడకపోతే బాధ్యత ఇప్పటి యజమాని మీదికి రావచ్చు. మా పెదనాన్నలాంటి వాళ్ళు తెలియక కొంటే?

మన దేశంలో కలుషిత స్థలాలకంటూ విడిగా నియమాలు 2025 జూలైలో వచ్చాయి. అనుమానమున్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి, కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించాలి, బాధ్యుల దగ్గర ఖర్చు రాబట్టాలి. మంచిదే. మరి ముప్పై ఏళ్ళ కింద మూసిన కంపెనీని ఎక్కడని వెతుకుతారు?

పెదనాన్న ఆ ప్లాటు కొనలేదు. "ఇక్కడ ముందేముండేది?" అని బ్రోకరును అడిగితే, "ఖాళీ నేలే సార్" అన్నాడట. దసరాకు పోయినప్పుడు చూశాను, ఎవరో కొన్నారు. పునాది గుంతల పక్కన మట్టికుప్ప మీద ఇద్దరు చిన్నపిల్లలు ఆడుకుంటున్నారు.