పిడికిలి మీద బొటనవేలు

మా పిల్లలకు విల్లు బొమ్మల్లో బాగా తెలుసు. ఆగస్టు 9న కట్టే ఆదివాసీ దినోత్సవం బ్యానర్ మీద విల్లు ఉంటుంది. సెంటర్లో అల్లూరి విగ్రహం చేతిలో ఉంటుంది. సంఘం వాళ్ళు పంచే క్యాలెండర్ మీద ఉంటుంది. (1922 ఆగస్టులో చింతపల్లి ఠాణా మీద పడినప్పుడు మన్యం వాళ్ళు ఎత్తుకుపోయింది తుపాకులు. విగ్రహం చేసేవాళ్ళకు మాత్రం విల్లే నచ్చింది.) బడి వార్షికోత్సవానికి మేమే అట్టముక్కలు కత్తిరించి, పురికొస కట్టి పిల్లల చేతికిస్తాం. నిజమైన విల్లు పట్టుకుని నారి లాగిన పిల్ల గానీ పిల్లవాడు గానీ మా బడిలో నిరుటి దాకా ఒక్కరూ లేరు.

మేమిద్దరం ఆ బడిలో పంతుళ్ళం. ఇద్దరం కోయవాళ్ళమే, టీటీసీ చదివి ఉద్యోగంలో చేరినవాళ్ళం, నలభై దాటినవాళ్ళం. మా ఊరు ముంపులో పోయాక అందరితో పాటు కాలనీకి వచ్చాం. కాలనీలో ఇళ్ళకు నంబర్లున్నాయి, సిమెంటు రోడ్లున్నాయి, వెదురు పొద ఒక్కటి లేదు. కొండ మీద ఉన్నప్పుడు పొద ఇంటి వెనకే ఉండేది. విల్లు పాతబడితే ఇంకోటి చెక్కుకునేవాళ్ళు. ఇక్కడికి సామాన్లతో పాటు అటక మీది విల్లులు రెండో మూడో దిగాయి గానీ వాటికి చెదలు పట్టాయి. వేట సంగతి చెప్పనే అక్కర్లేదు. 1972 చట్టం వచ్చాక అది నేరం. భూమి పండగకు మగవాళ్ళు అడవికి వెళ్ళడం, ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు ఆటపట్టించడం మా తండ్రుల నోట విన్న మాటే. మా కోయ మాటలో దాన్ని ‘విల్’ అంటాం. తెలుగులో విల్లు. మాట పక్కపక్కనే బతికి ఉంది, వస్తువు పోయింది.

అలాంటి చోటికి ఒక రికర్వ్ విల్లు వచ్చింది. ఒక క్రీడా హాస్టల్లో పాత సామాను తీసేస్తున్నారని తెలిసి, అక్కడ పనిచేసే మా పరిచయస్తుణ్ణి అడిగి తెచ్చుకున్నాం. మూడు ముక్కలు. మధ్యలో చెక్క పిడి, పైనొకటి కిందొకటి బోల్టుతో బిగించే బద్దలు. వాళ్ళ భాషలో లింబులు. నారి లేదు. అయిదు అల్యూమినియం బాణాలు ఉన్నాయి, వాటిలో రెండు వంకర.

సంచీ విప్పిన రోజు కాలనీలో పెద్దాయన, మేం తాత అని పిలిచే ఆయన, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మా ఊళ్ళో విల్లు చేయడం తెలిసిన చివరి చెయ్యి ఆయనదే. చూపు తగ్గింది, వేళ్ళతో తడిమి చూస్తాడు.

‘‘ఏమర్రా, దీని కొనలు ఎదురు తిరిగాయేంటి?’’ అన్నాడు.

‘‘ఎదురు తిరిగితేనే బలం తాతా’’ అన్నాం.

నవ్వాడు. కానీ ఆ మాట నిజం. నారి ఎక్కించకముందు రికర్వ్ కొనలు విలుకాడికి అవతలి వైపుకు తిరిగి ఉంటాయి. కొత్తవాళ్ళు దాన్ని చూసి, కొనలు ఉన్న వైపుకే ఇంకా వంచి నారి కడతారు. అలా కడితే బద్ద చీలిపోతుంది. వంపుకు ఎదురుగా వంచి కట్టాలి. మోకాలికి తొక్కిపెట్టి వంచడం కూడా పాత బద్దలకు మంచిది కాదు, మెలితిరుగుతాయి. రెండు కొనలకూ తోలు సంచుల్లా తొడిగే తాడు ఒకటుంటుంది. దాన్ని కాలి కింద తొక్కి, పిడి పట్టుకుని పైకి లేపితే రెండు బద్దలూ సమానంగా వంగుతాయి. అప్పుడు నారి కొప్పులోకి జారుతుంది. ఆ తాడు కొనలేదు. పాత స్కూల్ బ్యాగు పట్టీలతో కుట్టించాం.

నారి కట్టేముందు పాత విల్లును తనిఖీ చేయాలి. బద్దల మీద దూది నిమిరితే ఎక్కడైనా పీచు లేచి ఉంటే దూది పట్టుకుంటుంది. పొరలు అతికిన చోట్ల గోరుతో నొక్కి చూడాలి. బోల్టు రంధ్రం చుట్టూ పగుళ్ళు వెతకాలి. తాత ఇవేవీ చెప్పించుకోకుండానే చేశాడు. బద్దను చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచి, ‘‘లోపల మాట్లాడట్లేదు, బాగానే ఉంది’’ అన్నాడు. పగిలిన వెదురు వంచితే చిటపటమంటుంది, ఆయన వినేది అదే.

కింది బద్ద మీద రెండు అంకెలు ఉన్నాయి: 66, 28. మొదటిది విల్లు పొడవు, అంగుళాల్లో. రెండోది బలం. బాణాన్ని 28 అంగుళాల దాకా లాగినప్పుడు చేతి మీద పడే బరువు 28 పౌన్లని అర్థం. ఇక్కడే మా లెక్కల పాఠం మొదలైంది. పిల్ల రెండు చేతులూ చాచితే ఆ కొన నుంచి ఈ కొనకు ఎంత వస్తుందో కొలిచి, రెండున్నరతో భాగిస్తే ఆమె లాగే దూరం దాదాపుగా తెలుస్తుంది. ఏడో తరగతి అమ్మాయి ఒకామెకు 150 సెంటీమీటర్లు వచ్చింది. భాగిస్తే 60, అంటే సుమారు 24 అంగుళాలు. అంగుళం తగ్గితే రెండు పౌన్ల దాకా తగ్గుతుంది కాబట్టి, ఆమె చేతికి ఆ విల్లు 20 పౌన్లే. మొదలుపెట్టేవాళ్ళకు అది సరిపోయే బరువు. దశాంశ భిన్నాలు ఏడాదిగా ఎక్కని పిల్లలు ఆ రోజు ఒకరి చేతులు ఒకరు కొలుచుకుంటూ, మేం ఆపమన్నా ఆపకుండా భాగాహారాలు చేశారు.

నారి విషయంలో జాగ్రత్త ఉండాలి. ఇప్పుడు దొరికే కొత్త రకం దారాలు సాగవు. ఆ విసురు పాత విల్లు కొనలు తట్టుకోలేక కొప్పు దగ్గర చీలతాయి. పాత విల్లుకు కొంచెం సాగే డాక్రాన్ నారే వేయాలి. 66 అంగుళాల విల్లుకు నారి 63 అంగుళాలు ఉండాలి. తెప్పించి, మైనం పట్టించి ఎక్కించాం. మా పాత విల్లులకు నారి కూడా వెదురు బద్దే కదా, అది సాగదు, మెలిక పెట్టడానికీ లేదు. దారం నారికి ఆ వెసులుబాటు ఉంది. మెలిక పెంచితే నారి పొట్టిదవుతుంది, విల్లు ఇంకా వంగుతుంది, పిడికీ నారికీ మధ్య ఎడం పెరుగుతుంది.

ఆ ఎడమే అసలు కీలకం. మా విల్లుకు అది ఎనిమిది అంగుళాల పైచిలుకు ఉండాలి. మొదట ఎక్కించినప్పుడు ఏడున్నరే వచ్చింది. వదిలినప్పుడల్లా విల్లు గట్టిగా మోగేది, నారి ముంజేతికి చుర్రున తగిలేది. విప్పి పది మెలికలు, మళ్ళీ విప్పి ఇంకో పది. మేం స్కేలు వెతుకుతుంటే తాత పిడికిలి బిగించి, బొటనవేలు నిటారుగా నిలబెట్టి, పిడి మీద ఆనించాడు. వేలి కొన నారికి తగలాలి, వెదురు విల్లుకు అదే కొలత అన్నాడు. తర్వాత తడుముకుని, ‘‘దీనికి ఇంకో రెండు వేళ్ళు కావాలి’’ అన్నాడు. స్కేలు పెడితే ఎనిమిదింబావు. మోత తగ్గింది.

తర్వాత పనులు చిన్నవి. బాణం ఆనే చోట ఒక చిన్న ఆసరా అతికించాం. దానికి సూటిగా మూలమట్టం పెట్టి, నారి మీద అంతకన్నా పావు అంగుళం పైన దారం చుట్టి ముడి వేశాం, ప్రతిసారీ బాణం గాటు అక్కడే పడేలా. వేళ్ళకు తోలు ముక్క. వంకర బాణాలు రెండూ బల్ల మీద దొర్లించి చూసి పక్కన పెట్టేశాం. బాణం లేకుండా నారి లాగి వదలకూడదని మొదటి రోజే చెప్పాం. ఆ విసురంతా బాణం తీసుకుపోవాల్సింది, లేకపోతే బద్దలే తింటాయి. వరిగడ్డి మోపులు గోనె సంచుల్లో కుక్కి కట్ట వెనక మట్టిదిబ్బకు ఆనించాం. సున్నంతో గీత గీసి, అందరూ వేయడం అయ్యాకే అందరూ కలిసి బాణాలు తేవాలన్నాం.

నారి పట్టే పద్ధతి చూపిస్తున్నప్పుడు ఒక ప్రశ్న వచ్చింది. చూపుడువేలు బాణానికి పైన, రెండు వేళ్ళు కింద. బొటనవేలు నారిని తాకదు, అరచేతిలోకి మడుచుకుంటుంది. ఆ ఏడో తరగతి అమ్మాయే అడిగింది: ‘‘టీచర్, మరి ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చినా ఇలా వేయొచ్చు కదా?’’

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. గురుభక్తి పాఠంగా ఎన్నేళ్ళుగా చెబుతున్నామో ఆ కథ. ఏకలవ్యుడి పేరుతో ఆదివాసీ పిల్లలకు గురుకులాలే ఉన్నాయి. వేయొచ్చమ్మా అన్నాం. ‘‘ఆ సంగతి ఆయనకెవరూ చెప్పలేదా?’’ అంది. తాత అరుగు మీంచి, ‘‘చెప్పేవాళ్ళు ఊళ్ళోనే ఉండుంటారు. ఆయన అడిగింది బయటివాణ్ణి’’ అన్నాడు.

లింబారామ్ గురించి చెప్పాం. రాజస్థాన్ కొండల్లో వెదురు విల్లుతో పెరిగిన ఆదివాసీ కుర్రాడు. 1987లో జరిగిన ఎంపికల్లో బయటపడి, మరుసటి ఏడే ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1988, 1992, 1996, మూడుసార్లు. ఒలింపిక్స్‌లో వాడేది ఇదే రకం రికర్వ్. వెదురు విల్లుకూ పోటీలున్నాయి, ఇండియన్ రౌండ్ అంటారు. అది వినగానే తాత తల పైకెత్తాడు.

ఆ అమ్మాయి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఏటా సంక్రాంతి దాటాక వాళ్ళ కుటుంబం ఖమ్మం వైపు మిరప కోతలకు వెళ్తుంది. పిల్లా వెళ్తుంది. మూడు నెలలు బడి ఉండదు. తిరిగొచ్చాక క్లాసులో వెనక బెంచీ, మాట్లాడదు. విల్లు వచ్చాక పొద్దున్నే బడి తలుపు తీయకముందే వచ్చి కూర్చుంటోంది. పది మీటర్ల నుంచి ముప్పై బాణాలకు పద్దెనిమిది గోనెలో పడుతున్నాయి. ఎడమచేయి ఇంకా వణుకుతుంది, అయినా బాణం గోనెను తాకేదాకా చేయి దించదు. ఆ ఓపిక మేం నేర్పింది కాదు.

వాళ్ళమ్మ ఒక సాయంత్రం వచ్చి మాతో కూర్చుంది. ఆమెకు ఆటల మీద అభ్యంతరం లేదు. ‘‘అది పట్టుకుని పిల్ల దారమ్మట వస్తుంటే ఎవరైనా ఆపి అడిగితే ఏం చెప్పాలి టీచర్? మనవాళ్ళ చేతిలో విల్లుంటే ఆటని నమ్ముతారా?’’ అంది. ఏజెన్సీలో పెరిగినవాళ్ళకు ఈ భయం విడమర్చి చెప్పక్కర్లేదు. విల్లు బడి బీరువా దాటి వెళ్ళదని, పోటీలకు వెళ్తే మేమిద్దరం వెంట ఉంటామని, సంచీలో బడి ముద్ర వేసిన కాగితం పెడతామని చెప్పాం. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. కోతలకు చేయి తగ్గితే రోజుకు ఎంత పోతుందో వేళ్ళ మీద లెక్క కట్టి మాకు చూపించింది. ఆ లెక్కకు మా దగ్గర జవాబు లేదు. అమ్మమ్మ దగ్గర ఉంచితే మధ్యాహ్నం భోజనం బడిలో ఉంది, రాత్రికి బియ్యం మేం చూస్తాం అన్నాం. ఇంట్లో అడిగి చెబుతానంది.

రోజూ ఆట అయ్యాక నారి దించి, విల్లును సంచీలో పెట్టడం పిల్లలే చేస్తున్నారు. రాత్రంతా నారి ఎక్కించి ఉంచితే విల్లు అలిసిపోతుందని తాత చెప్పిన మాట వాళ్ళకు నోటికొచ్చింది. మర్నాడు ఎక్కించాక ఎడం కొలుస్తారు, స్కేలుతో కాదు, పిడికిలితో. చిన్న పిడికిళ్ళు కాబట్టి ఎవరికి ఎన్ని వేళ్ళు కలపాలో గోడ మీద సుద్దతో పేర్ల ఎదురుగా రాసుకున్నారు.

తాత మాత్రం వెదురు అడుగుతున్నాడు. ముదురు వెదురు, కణుపులు దగ్గరగా ఉన్నది, ఎండాకాలం రాకముందే కొట్టాలట. పాత ఊరి పైన పొదలు ఇంకా నీటికి పైనే ఉన్నాయి. వచ్చే ఆదివారం పడవ దొరికితే మేమిద్దరం వెళ్ళొస్తామని చెప్పాం. ఆయన తనూ వస్తానంటున్నాడు.