కాకతాళీయం

కాకి వాలింది, తాటిపండు పడింది. కాకే పడగొట్టిందన్నారు చూసినవాళ్లు. క్లాసులో యీ న్యాయం చెబితే పిల్లలు నవ్వుతారు. మన ఇంట్లో జరిగితే మాత్రం నవ్వు రాదు.

రాజోలులో మా పెదనాన్నగారి మనవడికి ఆరేళ్లు. ఆటిజం. పిలిస్తే పలకడు. ఎవరో చెప్పారని తెప్పించిన విటమిన్ల సీసాలతో వాళ్ల అలమారు నిండిపోయింది. కొబ్బరి దింపు డబ్బంతా వాటికే. "మొదలెట్టిన నెలకే 'అత్త' అన్నాడయ్యా!" అంటుంది మా వదిన.

అన్నాడు, నిజమే. కాని ఆటిజం వున్న పిల్లలు కూడా ఎదుగుతారు, నెమ్మదిగానైనా నేర్చుకుంటారు. ఒకప్పుడు అమెరికాలో సెక్రెటిన్ అనే ఇంజెక్షనుకూ ఇలాగే పేరొచ్చింది. 1999లో వెలువడిన పరీక్షలో కొందరు పిల్లలకు అదీ, కొందరికి వట్టి ఉప్పునీళ్లూ యిచ్చారు. ఎవరికేది యిచ్చారో తల్లిదండ్రులకు తెలియదు. రెండు జట్లూ ఒకేలా మెరుగయ్యాయి!

పోనీ, బలానికైనా మంచిదే కదా అంటారా? ఎ విటమిన్ హద్దు మీరితే ఒంట్లో పేరుకుని కాలేయాన్ని చెరుస్తుంది. ఒంట్లో ఏదైనా లోపం వుందని డాక్టరు పరీక్షించి చెబితే వెయ్యవలసిందే. లేకపోతే ఆ డబ్బు, మాటలు నేర్పేవారి దగ్గరకు కాకినాడ వెళ్లిరావడానికి పనికొస్తుంది.

ఇలాంటి సీసాల మీద "మందుగా వాడటానికి కాదు" అని ముద్రించాలని మన ప్రభుత్వ నిబంధన. వదినకు చదివి వినిపించాను. ఆవిడ మాట్లాడలేదు. తల్లి ఆశ, కాదనడం నాకూ కష్టమే.

రోజూ సాయంత్రం మేనత్త వాడి పక్కన కూచుని, బొమ్మలు చూపిస్తూ మాటలు చెబుతుంది. ఆవిడ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.