ఏ పచ్చ?

ముందుగది గోడకు ఏ రంగు వెయ్యాల్నని మీ ఇంట్ల ఎప్పుడన్న భయపడ్డరా? ఖర్చుకు కాదు, రంగుకే. మేం భయపడ్డం. గోదావరిఖనిల, సింగరేణి క్వార్టర్‌ల, 1993 రంజాన్ ముందర.

క్వార్టరంటే రెండు గదులు, వంటిల్లు, ఎనక ఇంత ఖాళీ జాగ. లైన్‌ల ఎన్ని ఇండ్లుంటే అన్నీ ఒకే తీరు. నంబర్ చూసుకోకపోతే పక్కింట్ల దూరుతం. ఇల్లు కంపెనీది, కరెంటు కంపెనీది, పొయ్యిల బొగ్గు కూడా కంపెనీదే. రిటైరైన్నాడు తాళంచెవి అప్పజెప్పి పోవాల్సిందే. 1920ల కంపెనీగ ఏర్పడ్డ సింగరేణిల తాత, తండ్రి, కొడుకు వరుసగా బాయి దిగిన కుటుంబాలున్నయి. వాళ్లకు కూడా 'మా ఇల్లు' అనే మాటకు ఒక గడువుండేది. అట్లాంటి గోడ మీద మనిషి ఇది నాదని చెప్పుకునేది ఏముంటది? రంగు, మేకు, ఆ మేకుకు తగిలించింది.

అమ్మీ ముందుగది తయారు కావడానికి పదేండ్లు పైన పట్టింది. నల్ల మఖ్మల్ గుడ్డ మీద తళుకులు కుట్టి అద్దాల ఫ్రేములు కట్టించిన రెండు తుగ్రాలు, ఒకటి 'అల్లాహ్', ఒకటి 'ముహమ్మద్'. పెండ్లికి ముందు నానీ ఇంట్ల కుట్టింది. అలీఫ్ నిటారుగా రాలేదని మూడుసార్లు విప్పి మళ్లీ కుట్టిందట. టీవీ మీద కురుషియా అల్లిక. గోడకు సౌదీ నుంచి మామూ తెచ్చిన మక్కా మదీనా కార్పెట్. (గల్ఫ్‌కు మనిషి పోయిన ప్రతి ముస్లిం ఇంట్ల అదే కార్పెట్, అదే మెరుపు.) షోకేసుల నిర్మల్ చిలుక. పొణికి కర్రతోని చెక్కి రంగులేసింది, చేతిలకు తీసుకుంటే బరువే ఉండదు. ఆ బొమ్మలు చేసేటోళ్లను నకాషీలంటరు. నకాష్ అనేది ఉర్దూ మాట, చెక్కేటోడని. చేసేటోళ్లేమో హిందువులు. ఇది మాకు చిన్నప్పుడు వింతగా అనిపించలేదు, ఇప్పుడు ఎవరికన్నా చెప్తే వింతగా చూస్తున్నరు.

ఇంకోటి పూలబుట్ట. బాయిల బొగ్గును పేల్చేటప్పుడు డిటోనేటర్‌కు సన్నటి రంగు తీగలుంటయి. ఎరుపు, పసుపు, తెలుపు. పేలినంక బొగ్గుల ముక్కలు ముక్కలుగా మిగిలిపోతయి. తట్టా చెమ్మస్‌తోని బొగ్గు నింపే అబ్బా వాటిని ఏరి టిఫిన్ డబ్బాల వేసుకొచ్చేది. అమ్మీ ఉప్పునీళ్లల్ల కడిగి అల్లేది. పక్క క్వార్టర్ పెద్దమ్మ కూడా అల్లేది. ఆమెది దేవుని గూటి ముందర పూలు పెట్టుకునే బుట్ట, మాది మిస్వాక్ పుల్లలు, సుర్మా డబ్బీ పెట్టుకునే బుట్ట. తీగ ఒకటే, పేలుడు ఒకటే.

ఆఖరిది రాయి. అబ్బా పనిచేసే జాగల రూఫ్ నుంచి ఊడి రెండడుగుల దూరంల పడ్డది. ఆయన మీద పడలేదని ఇంటికి తెచ్చిండు. బూడిద రంగు పలక, దాని మీద అచ్చు గుద్దినట్టు ఒక పొడుగాటి ఆకు, నడిమి ఈనె, రెండు దిక్కుల సన్నటి నరాలు. బీఏ చదువుకున్న మాకు అది ఏం ఆకో తెలవడానికి చాన ఏండ్లు పట్టింది. గ్లోసోప్టెరిస్. ఇరవైఐదు కోట్ల ఏండ్ల కిందటి చెట్టు. గోదావరి లోయ బొగ్గు, అటు చాందా బొగ్గు, ఇటు ఝరియా బొగ్గు, అన్నీ ఆ అడవులు కుళ్లి, మగ్గి, రాయైనవే. ఆ రాళ్ల వరుసకు గోండ్వానా అని పేరు. మన ఆదిలాబాద్ గోండుల పేరది, ప్రపంచమంతా పలుకుతది. ఆకు నాలుక తీరుగుంటదని గ్రీకుల నాలుక పేరు పెట్టిన్రు. ఉర్దూల జుబాన్ అంటే నాలుకా, భాషా రెండూ. ఇంట్ల ఉర్దూ, వాకిట్ల తెలుగు మాట్లాడే మేం ఆ రాయిని షోకేసుల నడిమి అరల పెట్టుకున్నం. ఎందుకు పెట్టుకున్నరని ఎవరూ అడగలేదు. అడిగేటివి వేరే ఉండె.

1992 డిసెంబర్ 6 తర్వాత మా లైన్‌ల ఏం కాలేదు. రాళ్లు పడలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. పెద్దమ్మ ఎప్పట్లెక్కనే పచ్చిపులుసు గిన్నె పంపింది. అయినా ఒకనాటి రాత్రి సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చిన అబ్బా స్టూలెక్కి రెండు తుగ్రాలు దించి లోపలి గదిల పెట్టిండు. దించమని ఎవరూ చెప్పలేదు. అదే మాకు ఇప్పటికీ మింగుడు పడనిది. బయటోడు దించితే కొట్లాడొచ్చు, కేసు పెట్టొచ్చు, వార్త రాయొచ్చు. స్టూలెక్కింది మా అబ్బానే అయితే ఎవలతోని కొట్లాడాలె? ఒక మేకు ఉత్తగ మిగిలింది, ఇంకోదానికి క్యాలెండర్ తగిలించినం.

"గవెందుకు తీసినవ్ చెల్లె, మిలమిల మెరుస్తుండె గద" అన్నది పెద్దమ్మ.

"బొగ్గు దుమ్ము పడుతున్నదక్కా" అన్నది అమ్మీ. అబద్ధం కూడా కాదు. మా ఊళ్లె కిటికీ మూసినా తెరిచినా దుమ్మే.

రంజాన్ దగ్గరికొచ్చింది. ఏటేటా సున్నంల ఇంత నీలిమందు కలిపి కొట్టేటోళ్లం. ఆ ఏడు అమ్మీ పట్టుబట్టింది, ముందుగదికి హరా రంగు కావాలని. అబ్బా గొంతు తగ్గించి, "నక్కో జీ, లోగాఁ క్యా బోలేంగే" అన్నడు. జనం ఏమంటరో మాకు తెలుసు. క్రికెట్ మ్యాచ్ రోజు బడిల అన్నరు. ఆకుపచ్చ అంటే ఆ దేశం జెండా అట. వేపచెట్టుదేం రంగో, గుమ్మానికి కట్టే మామిడాకుదేం రంగో, వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు.

తగువు పెద్దమ్మ చెవిన పడ్డది. "పచ్చరంగే ఎయ్యి, ఇల్లు పచ్చగుంటది" అని తీర్పు చెప్పింది. అబ్బా పోయి రంగులేసే పిలగానికి "పచ్చ" అని చెప్పొచ్చిండు. తెల్లారి అమ్మీ బజారుకు పోయి వచ్చేసరికి ముందుగది నాలుగు గోడలూ పసుపుపచ్చ!

ఉర్దూలనైతే అబ్బాకు తప్పించుకునే సందు లేకుండె. హరా అనాలె, లేకుంటే పీలా అనాలె. తెలుగుల ఆకుకు పచ్చే, పసుపుకూ పచ్చే. ఆయన మరిచిపోయి ఒట్టి పచ్చ అన్నడా, కావాలనే ఆ మాట చాటుకు నక్కిండా? ఎన్నిసార్లడిగినా నవ్వుడే తప్ప జవాబు లేదు. పండుగనాడు సేమియా తాగను వచ్చిన అబ్బా దోస్తులు గోడలు చూసి, "ఏం భాయ్, సైకిలెక్కినవా? తెలుగుదేశంల ఎప్పుడు చేరినవ్?" అని నవ్విన్రు. మేమూ నవ్వినం. పసుపుకైతే తెలుగుదేశం, ఆకుపచ్చకైతే పాకిస్తాన్! ఒక రంగుకు పార్టీ, ఒక రంగుకు పరాయి దేశం.

అమ్మీ నవ్వలేదు. తన పైసలతోని హరా రంగు పొడి తెప్పించుకొని, లోపలి గదిల ఒక్క గోడకు తనే కొట్టుకున్నది. తుగ్రాలున్న గోడకు. ఆ గది మా ఇంటోళ్లకు తప్ప ఎవలకూ కనపడది.

ఇదంతా ఒకవైపు. ఇంకోవైపు కూడా రాయకపోతే మేం మోసం చేసినట్టైతది. కొన్నేండ్లకు దీన్ నేర్పిస్తనని చుట్టపాయన ఒకాయన వచ్చుడు మొదలుపెట్టిండు. ఆయన కండ్లు నిర్మల్ చిలుక మీద పడ్డయి. ప్రాణమున్న వాటి బొమ్మలున్న ఇంటికి ఫరిష్తాలు రారన్నడు. ఇల్లంతా కలెజూసి, "యే ముసల్మాన్ కా ఘర్ లగ్తాచ్ నై" అని తేల్చిండు. ఆయన వచ్చినప్పుడల్లా అమ్మీ చిలుకను గోడ దిక్కు తిప్పిపెట్టేది. అది కూడా నమాజుకు నిలబడ్డట్టే ఉండేది. ఆయన పోంగనే మళ్ల మా దిక్కు తిరిగేది.

మేం పత్రికల చేరినంక తోటి జర్నలిస్టు, మంచి మిత్రుడు, సెక్యులర్ మనిషి, ఇంటికొచ్చిండు. చాయ్ తాగుకుంట, "మీ ఇల్లు చూస్తే ముస్లింల ఇల్లనే అనిపించది" అన్నడు. మెచ్చుకోలుగ అన్నడు. చుట్టపాయన తిట్టిన మాటనే ఈయన మెచ్చుకుంట అన్నడు. సినిమాలల్ల చూపించే అత్తరు, ఆకుపచ్చ చాదర్, గళ్ల లుంగీ లేకపోతే మేం ఇద్దరికీ లెక్కకు రానట్టే. తుగ్రాలు లోపల ఉన్నయని ఆయనకు చెప్పాలనుకున్నం, చెప్పలేదు. ఆ రోజు చెప్పాల్సి ఉండె.

అబ్బా రిటైరైనంక క్వార్టర్ ఖాళీ చేసినం. మేకులు పీకితే పసుపుపచ్చ కింద నీలిమందు సున్నం, దాని కింద మాకు ముందటోళ్ల రంగేదో కనపడ్డది. పీఎఫ్ పైసలతోని ఊరవతల ఇల్లు కొన్నం. కొత్తగ దిగిన తొందరల తెల్లరంగుతోనే సరిపెట్టినం. తుగ్రాలు ట్రంకుపెట్టెలనే ఉండిపోయినయి. తెల్లరంగే అమ్మీ మీద గెలిచిందనుకున్నం.

మొన్న మల్ల రంగులకు పూనుకుంటే పెయింటర్ షేడ్ కార్డు పట్టుకొచ్చిండు. ముందుగదికి పచ్చ అన్నది అమ్మీ. "ఏ పచ్చ అమ్మా?" అన్నడు. కార్డుల ఆకుపచ్చలే ఇరవై దాకా ఉన్నయి. నిజం చెప్పాల్నంటే మేం మల్ల ఒక పూట ఆగినం. టీవీలల్ల రోజూ వింటున్నయి, ఫోన్ల తిరుగుతున్నయి, హైదరాబాద్‌ల పేరు చెప్పంగనే కిరాయికి లేదన్న ఇండ్లు, అన్నీ యాదికొచ్చినయి. అమ్మీ ఆగలేదు. "మామిడాకుది" అని వేలు పెట్టింది. లేతది కాదు, ముదురాకుది.

రంగు ఆరినంక ట్రంకుపెట్టె తెరిచింది. ఒక ఫ్రేముకు అద్దం పగిలింది. 'ముహమ్మద్' కాడ నాలుగైదు తళుకులు రాలిపోయినయి. అబ్బా కుర్చీల కూసొని, "ముందుగదిలనేనా?" అన్నడు.

"ఇంకేడ?" అన్నది అమ్మీ, సూది మా చేతికిచ్చి. దారం ఎక్కించడానికి ఆమెకు కండ్లు ఆనుతలేవు.