జలపాతం కింది మనుషులు

బాహుబలి రెండో భాగం వచ్చింది 2017 ఏప్రిల్ 28, శుక్రవారం. ఆ వారం నాకు బి షిఫ్ట్, మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది. పొద్దున ఆట చూసుకుని రెండింటికల్లా బొల్లారంలో గేటు దగ్గర ఉండాలి. మా రూమ్మేట్ ఎవరెవర్నో పట్టుకుని మియాపూర్‌లో రెండు టికెట్లు సంపాదించాడు. షేర్ ఆటోలో పోతుంటే నా గుండె దడదడలాడింది. పదో తరగతి రిజల్ట్ రోజు కూడా నేను అంత టెన్షన్ పడలేదు.

మాది కంగ్టి మండలంలో ఒక తండా. నేను పుట్టినప్పుడు మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. చెరుకు నరికే కాలం వస్తే యాడి, బాపు జహీరాబాద్ వైపో కర్ణాటక వైపో పోయేవాళ్ళు. నేను హాస్టల్లో చదివాను. ఇంటర్ అయ్యాక 2013లో బొల్లారం వచ్చి, మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేరాను. డ్రమ్ములు దొర్లించడం, సెంట్రిఫ్యూజ్ ఖాళీ చేయడం, డ్రైయర్‌లో ట్రేలు పెట్టడం. మాస్కు తీశాక కూడా ముక్కులో ఆ వాసన రెండు గంటలు ఉంటుంది. అట్లాంటి రోజుల్లో మా అందరికీ ఉమ్మడిగా దొరికిన సంతోషం ఈ సినిమా.

మొదటి భాగం 2015 జూలై 10న వచ్చింది. కట్టప్ప వెనక నుంచి పొడిచిన దగ్గర ఆపేశారు. అక్కడి నుంచి దాదాపు రెండేళ్ళు మా క్యాంటీన్‌లో ఒకటే చర్చ. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? భల్లాలదేవుడు మంత్రం వేశాడని ఒకడు, దేవసేన ప్రాణం అడ్డం పెట్టి బెదిరించారని ఒకడు. నా లెక్క వేరు. బాహుబలే ఏదో కారణంతో తనను చంపమని ఆజ్ఞ ఇచ్చి ఉంటాడని నేను వాదించేవాణ్ణి. బిర్యానీ పందెం కూడా కాశాను. మొదటి భాగం నేను ఏడుసార్లు చూశాను. ఇందులో నాలుగుసార్లు నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర మానుకుని చూసినవే.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ మొదటి భాగం నాకు ఒక పేరు పెట్టింది.

సినిమా చూసినవాళ్ళకు కాలకేయులు గుర్తుండే ఉంటారు. మాహిష్మతి మీదికి దండెత్తి వచ్చే తెగ. ఒళ్ళంతా నలుపు, జడలు కట్టిన జుట్టు, పాడైన పళ్ళు. పురాణాల్లో కాలకేయులు రాక్షసులు, అర్జునుడు వాళ్ళను చంపాడని భారతంలో ఉంది. ఆ పేరును సినిమాలో ఒక తెగకు పెట్టారు. వాళ్ళ రాజు ఇంకోషి మాట్లాడే కిలికి భాషను తమిళ రచయిత మదన్ కార్కి తయారుచేశారు. 750 మాటలు, 40 వ్యాకరణ నియమాలు పెట్టి రాశారని పేపర్లలో చదివాను. నాలుక టకటకలాడించి ప్రభాకర్ గారు ఆ భాష మాట్లాడుతుంటే హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ ఏడు ఇంటికి పోయినప్పుడు తండాలో పిల్లల్ని కూర్చోబెట్టి ఇంకోషిలాగా మాట్లాడి నవ్వించాను కూడా. అది దాచను.

తర్వాత ఒక సాయంత్రం గేటు ముందు చాయ్ బండి దగ్గర యాడితో ఫోన్ మాట్లాడుతున్నాను. మా గోర్ బోలిలోనే. వెనక నుంచి మా షిఫ్ట్‌లో ఒకతను అన్నాడు: "అరే, ఇగో కాలకేయుడు! వీని భాష ఇన్రి!" పదిమంది నవ్వారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నాకు జ్వరం వస్తే డ్యూటీ మార్చుకున్నవాళ్ళు, జీతం లేటయితే చేబదులు ఇచ్చినవాళ్ళు. నేను కూడా నవ్వేశాను. మర్నాటి నుంచి అదే నా పేరు. "కాలకేయా, ఆ డ్రమ్ము ఇటు దొర్లియ్." "కాలకేయా, ఇయ్యాల ఓటీ చేస్తవా?"

నేను ఫోన్ తీసుకుని డ్రమ్ముల యార్డు వెనక్కి పోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు అదీ మానేసి, యాడి గోర్ బోలిలో అడిగితే నేను తెలుగులో జవాబు చెప్పేవాణ్ణి. ఆమె ఒకరోజు అడిగింది, "నీ పక్కన సార్లున్నారా?" అని. ఉన్నారన్నాను. అప్పుడు నా పక్కన ఖాళీ డ్రమ్ములు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత ఆమె కూడా వచ్చీరాని తెలుగులోనే మాట్లాడేది, కొడుక్కి ఇబ్బంది కాకూడదని.

రెండో భాగం చూడ్డానికి నేను ఈ పేరుతోనే పోయాను. పోయి మళ్ళీ అభిమానిలాగే చూశాను. ఏనుగు తొండం మీదుగా ప్రభాస్ పైకెక్కినప్పుడు విజిల్ వేశాను. రాత్రి దాడిలో దేవసేనకు ఒకేసారి మూడు బాణాలు వేయడం నేర్పే చోట సీట్లో కూర్చోలేకపోయాను. సభలో ఆమె వేళ్ళు నరికిందని చెప్పగానే, నరకాల్సింది వేళ్ళు కాదంటూ బాహుబలి కత్తి దూసే చోట హాలు దద్దరిల్లింది. ఆడమనిషి మీద చెయ్యేస్తే సభా మర్యాద చూడకుండా అక్కడికక్కడే తేల్చడం మా క్యాంటీన్‌కు చాలా నచ్చింది.

కుంతల యుద్ధంలో ఎద్దుల కొమ్ములకు నిప్పు పెట్టి పిండారీల మీదికి తోలతారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం మా తాత గుర్తొచ్చాడు. మన పూర్వీకులు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగారని, మొగలు సైన్యాలకు, నిజాం సైన్యాలకు తిండి మోసినవాళ్ళు మనవాళ్ళేనని ఆయన చెప్పేవాడు. ఆయన ఈ సీన్ చూసి ఉంటే రాజమౌళి గారిని గట్టిగా తిట్టేవాడు. కొమ్ములకు రంగు పూసుకుంటారు గానీ నిప్పు పెడతారా ఎవరైనా!

ఇక కట్టప్ప సంగతి. శివగామి ఆజ్ఞ ఇచ్చింది, సింహాసనానికి కట్టుబడ్డ బానిస కాబట్టి చంపాడు. అంతే. నా పందెం పోయింది. ఆ మధ్యాహ్నం ప్లాంట్‌లో మా పెద్ద ఆపరేటర్‌కు చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. "పైనుంచి ఆర్డరొచ్చింది, చేసిండు. నువ్వు చేస్తలేవా?" అన్నాడు. కాంట్రాక్టు కార్మికులకు ఆ జవాబు రెండేళ్ళ ముందే తెలిసి ఉండాల్సింది.

అయితే నేను హాలు నుంచి తెచ్చుకున్న ప్రశ్న వేరే. సంగ ఏమైంది?

మొదటి భాగం మొదట్లో నీళ్ళలో మునిగిపోతూ శివగామి ఒక్క చేత్తో పసిబిడ్డను పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఆ బిడ్డను తీసుకున్నది జలపాతం కింద అడవిలో బతికే మనుషులు. పెంచింది సంగ, రోహిణి గారు వేసిన పాత్ర. బిడ్డ ఎక్కడ తనను వదిలిపోతాడో అని గుహ దారి మూయించేస్తుంది. అమ్మ మొక్కు తీర్చడానికి కడవలు మోయలేక అలసిపోతుంటే ఆ కొడుకు శివలింగాన్నే పెకిలించి భుజాన వేసుకుని జలపాతం కింద పెడతాడు. ఏడుసార్లూ నేను ఏడ్చింది అక్కడే. ఒక రాజకుమారుణ్ణి పాతికేళ్ళు శివుడు అని పిలుచుకుని, అన్నం పెట్టి, పాడి పెంచినవాళ్ళు వాళ్ళు. ఆ పాతికేళ్ళలో అతనికి తాను రాజునని తెలియదు, ఆ అవసరమూ రాలేదు.

రెండో భాగం మాహిష్మతి కథ, కుంతల కథ, రాజమాత కథ. సంగకు అందులో చోటు చాలా చిన్నది. పట్టాభిషేకం దగ్గర నా కళ్ళు ఆమె కోసమే వెతికాయి, కథ మాత్రం ఆమె వైపు తిరగలేదు. కన్నతల్లి పాతికేళ్ళ సంకెళ్ళ బాధ పెద్దదే, కాదనను. పెంచినామె బాధ ఎవరికీ లెక్కలోకి రాలేదు.

ఆఖర్న భల్లాలదేవుడి బంగారు విగ్రహం తల కొట్టుకొచ్చి జలపాతం మీదుగా కిందికి పడుతుంది. అప్పటికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. నేను కూర్చునే ఉన్నాను. అది దుర్మార్గుడి పతనం, సంతోషించాలి. కానీ నేను ఉండేది బొల్లారంలో. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల నుంచి వదిలిన నీళ్ళు ఏళ్ళ తరబడి నక్కవాగులో కలిసి, మంజీరా వైపు పారి, కింది ఊళ్ళ బోర్లను, పొలాలను ఏం చేశాయో ఇక్కడ పనిచేసే ప్రతివాడికీ తెలుసు. ఆ ఊళ్ళవాళ్ళు సుప్రీంకోర్టు దాకా పోయారు. అందుకే ఆ తల పడుతుంటే నాకు వేరే ఆలోచన వచ్చింది. పైన కొత్త రాజు వచ్చాడు, పాత రాజు చెత్త కిందికొచ్చింది. కింద ఉన్నది సంగ వాళ్ళ గూడెం కదా!

క్యాంటీన్‌లో అడిగాను, "సంగ ఏమైందిరా?" అని. "ఏ సంగ?" అన్నారు. త్రిశూల వ్యూహం బొమ్మ గీసి చూపించగలిగినవాళ్ళు, కత్తుల పేర్లు చెప్పగలిగినవాళ్ళు. ఆ పేరు ఒక్కరికీ గుర్తు లేదు.

ఆ రాత్రి పదింటికి షిఫ్ట్ దిగి, చాయ్ బండి దగ్గరే నిలబడి యాడికి ఫోన్ చేశాను. సినిమా కథ చెప్పాలనిపించింది. తెలుగులో మొదలుపెట్టాను, రెండు మాటలకే అది కుదరలేదు. ఆమెకు కథ చెప్పాలంటే మా భాషలోనే చెప్పాలి. గోర్ బోలిలో మొత్తం చెప్పాను, ముప్పావు గంట పట్టింది. కట్టప్ప గురించి ఆమె ఏమీ అడగలేదు. "సాకినామెకు ఇల్లన్నా ఇచ్చిండ్రా?" అని అడిగింది. లేదన్నాను. "మరి వాడేం కొడుకు?" అంది.

మళ్ళీ నవ్వారా అంటే నవ్వారు. పేరు కూడా ఇంకో ఏడాది నడిచింది. కాకపోతే నేను డ్రమ్ముల వెనక్కి పోవడం మానేశాను.

2020లో ఇంకో వార్త చదివాను. కిలికి భాషకు లిపి తయారుచేసి, నేర్చుకోవడానికి వెబ్‌సైట్ పెట్టారు. అది ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం రోజున. కార్కి గారి శ్రమను తక్కువ చేయను, ఒక మనిషి కూర్చుని భాషను అల్లడం చిన్న పనేం కాదు. నాకు కోపం కంటే ఈర్ష్య ఎక్కువ కలిగింది. ఎవరికీ అమ్మభాష కానిదానికి అక్షరాలొచ్చాయి. మా గోర్ బోలిని మేం తెలుగు లిపిలో రాసుకుంటాం, కర్ణాటకలో కన్నడ లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు చేసినప్పుడు బంజారా కూడా అందులో ఉంది. అప్పటికే నేను హాస్టల్‌కు పోయాను, ఆ పుస్తకం నా చేతికి రాలేదు. ఈ పుస్తకం చదివే టీచర్ల దగ్గర ఒక్క కాపీ ఉన్నా నాకు చూడాలని ఉంది.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ ఒక్క సినిమాగా కలిపి మళ్ళీ విడుదల చేశారు. మూడుముప్పావు గంటల నిడివి. నా పాత పిచ్చి పోలేదు, మొదటి వారంలోనే మా వాణ్ణి తీసుకుని పోయాను. వాడికి ఏడేళ్ళు. బొల్లారంలోనే పుట్టాడు, ఇంగ్లీషు మీడియం బడికి పోతాడు. ఇంట్లో మేం గోర్ బోలిలో మాట్లాడితే అర్థం చేసుకుంటాడు, జవాబు మాత్రం తెలుగులో ఇస్తాడు. నేను యాడికి ఇచ్చినట్టే.

ఇంకోషి మాట్లాడ్డం మొదలుపెట్టగానే వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత ఆగి, నా చెవి దగ్గరికొచ్చి అడిగాడు:

"బాపూ, ఇది దాదీ భాషనా?"

కాదన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. వాడు కాసేపు తెర చూసి మళ్ళీ అడిగాడు, "మరి దాదీ భాషల జలపాతాన్ని ఏమంటరు?"

నాకు తెలియలేదు. మా తండా దగ్గర జలపాతం లేదు. ఆ మాట నేను ఎప్పుడూ వినలేదో, విని మర్చిపోయానో. ఇంటర్వెల్‌లో యాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. పత్తి ఏరే రోజులు, ఫోన్ ఇంట్లో పెట్టి చేనుకు పోయి ఉంటుంది.

రాత్రి తనే చేసింది. ఫోన్ వాడి చేతికిచ్చాను.