డేటా పుస్తకము - ఒక అనుభవము

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. దిల్‌సుఖ్‌నగర్‌లో రేడియో, టీవీ మరమ్మతుల దుకాణం నడిపిన మా అబ్బాజాన్‌కు మాత్రం అది భూషణం కాదు, జీవనాధారం. టవర్స్ 1974లో వెలువరించిన ట్రాన్సిస్టర్ సెలెక్టర్ ప్రతి ఒకటి ఎల్లప్పుడూ ఆయన గల్లాపెట్టె ప్రక్కనే ఉండేది. ఏ ట్రాన్సిస్టర్ ఎన్ని వోల్టులు భరించునో, అది దొరకనిచో బదులుగా ఏది వేయవచ్చునో అందులో వరుసలుగా ఉండేది. అంచులలో అబ్బాజాన్ ఉర్దూ వ్రాతలు.

2000 ప్రాంతంలో ఒకనాడు ప్రక్కవీధి మెకానిక్ ఆ పుస్తకాన్ని ఒక్క రాత్రికి అడిగాడు. "అది పోతే మా పిల్లల అన్నం పోతుంది భాయ్" అని అబ్బాజాన్ ఇవ్వలేదు. వట్టి చేతులతో వెనుదిరిగిన ఆ మనిషి ముఖం మేము నేటికీ మరువలేదు.

గత సంవత్సరం ఎల్.బి. నగర్‌లోని మా ఇంటికి ఒక విద్యార్థి వచ్చాడు. అతని ప్రాజెక్టుకు ప్లస్ 5, మైనస్ 5 వోల్టులు రెండూ కావలెను. కోఠి గుజరాతీ గల్లీలో 7805, 7905 రెగ్యులేటర్లు కొని తెచ్చాడు. బోధించేది తెలుగే అయినా, మెకానిక్ కొడుకులమన్న ధీమా మాది. "రెండింటికీ మొదటి కాలు ఇన్‌పుట్, నడిమిది గ్రౌండ్" అని చెప్పివేశాము. కరెంటు ఇవ్వగానే 7905 కాలిపోయింది.

"సార్, ఒకసారి డేటా షీట్ చూద్దామా?" అని అతడు వినయంగా అడిగాడు. తయారీదారు ప్రకటించిన పత్రం నిమిషంలో ఫోనులో తెరుచుకొన్నది. 7905కు మొదటి కాలే గ్రౌండ్, నడిమిది ఇన్‌పుట్! ఆకారం ఒక్కటే, వరుస వేరు. భరించగల వోల్టేజి, వేడిమి, కలపవలసిన కెపాసిటర్లు, అన్నీ అందులో ఉన్నవి. అచ్చయిన పుస్తకంలో ఆ తరువాత పుట్టిన భాగాలకు చోటు లేదు. ఈ పత్రమైతే సవరణ తేదీతో సహా ఉచితంగా లభిస్తున్నది.

అబ్బాజాన్ లేమి వలన దాచుకొన్నారు. మేము కలిమి ఉండి కూడా చూడలేదు. సిగ్గుపడవలసినది ఎవరో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ సాయంత్రమే అబ్బాజాన్ పుస్తకం అతని చేతిలో పెట్టాము. ఒక ట్రాన్సిస్టర్ ఎదుట ఉన్న ఉర్దూ వ్రాతను అతడు పైకి చదివాడు: "ఎండాకాలంలో దీనికి పెద్ద రేకు వేయాలి." దిల్‌సుఖ్‌నగర్ ఎండలో నేర్చిన ఆ మాట ఏ తయారీదారు పత్రంలోనూ లేదు. అంచులన్నీ ఫోటో తీసుకొని తోటివారికి పంపవచ్చునా అని అడిగాడు.

తప్పక పంపుమన్నాము. విద్యార్థి మిత్రులారా! జ్ఞాపకాన్ని నమ్మి తొందరపడక, ముందు పత్రం చూడండి. చూసి నేర్చినదాన్ని పదుగురికీ పంచండి.