వాగు ఇసుకలో నేర్చుకున్నది

ఆలేరు నుండి కొలనుపాకకు తారు రోడ్డున ఆరు కిలోమీటర్లే. అయినా పోయిన వేసవిలో మేము మూడు జీపులలో, పిల్లాపాపలతో, బండ్ల బాటన, ఎండిన వాగు మీదుగా వెళ్లాలనుకున్నాము.

వారం ముందే కూర్చుని పనులు పంచుకున్నాము. ఒకరికి మోకు, పార, చెక్కపలకలు; ఒకరికి స్టెప్నీ, గాలి పంపు; మాకు మంచినీళ్ల క్యాన్లు. చేలక గట్లు దాటేచోట రైతులనడిగి అనుమతి తీసుకున్నాము. ఎగువన వాన కురిస్తే ఎండిన వాగు కూడా ఉన్నట్టుండి పొంగుతుంది గనుక, మబ్బు పడితే దిగవద్దనుకున్నాము.

ఇసుకలో దిగేముందు టైర్లలో కొంత గాలి తీయాలి. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, కూరుకుపోదు. తొందరలో చివరి జీపువారు అది మరచారు. కూరుకున్నాక ఎక్సలేటరు గట్టిగా తొక్కారు. చక్రాలు ఇరుసుదాకా దిగాయి. మేము వెనక్కి చూడకుండా సాగిపోయాము. అరగంటకు తిరిగి వచ్చేసరికి పిల్లలు దాహంతో ఏడుస్తున్నారు. నీళ్లన్నీ మా జీపులోనే ఉన్నాయి!

ఇసుక తవ్వి, పలకలు వేసి, మోకుతో లాగాము. చాళుక్యుల నాటి ఆ పాత ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

మళ్లీ వెళితే ప్రతి జీపులోనూ నీళ్లుంటాయి. వెనుకవారు కనబడనిదే ముందువారు కదలరు.